ఆరుకొకటి

జీతాల బల్ల కాడ ఆడోళ్ళ వరుస కదులుతలేదు. అందరికన్న ముందర నిలబడ్డ భూమవ్వ పైసలైతే తీసుకున్నది గని పక్కకు జరుగుతలేదు. చేతుల ఉన్న నోట్లను ఒకసారి, బిళ్ళలను ఒకసారి తిరగేసి చూసి, "ఇంతేనా కొడుకా?" అన్నది.

"అంతే అవ్వా. ముప్పై అయిదు," అన్నడు మున్షీ ఆశీర్వాదం.

"నెల నెల నలభై రెండిస్తవు గదా! ఒక్కనాడు నాగ పెట్టలే నేను. ఏడు రూపాయలు ఏ గాలికి పోయినయి?"

"అవి హాలి రూపాయలు. ఇవి కల్దార్లు. ఈ నెల నుంచి అందరికీ కల్దార్లే ఇయ్యాలని పైనుంచి కాగితం వచ్చింది. కల్దారు విలువ ఎక్కువ, అందుకే లెక్కకు తక్కువొస్తయి."

"విలువ ఎక్కువైతే మంచిదే నాయినా. మరి నా చేతుల తక్కువెందుకున్నయి?"

వెనుక నిలబడ్డోళ్ళు నవ్విన్రు. యూనియన్ మిలట్రీ దిగి రెండేండ్లు దాటింది. నైజాం రాజ్యం పోయింది గని నైజాం రూపాయి పోలే. చార్మినారు బొమ్మున్న హాలి రూపాయి అంగట్ల ఇంక నడుస్తనే ఉన్నది. దాని పక్కపొంటి దేశపు రూపాయి, కల్దారు, వచ్చి కూసున్నది. బెల్లంపల్లి పట్టాల పక్కన బొగ్గు యార్డు లింగమూర్తి గుత్తకు పట్టిండు. ఆయన కింద నలభై మంది ఆడోళ్ళు తట్టలతోని బొగ్గు మోసి వ్యాగన్లు నింపుతరు. రోజుకు రూపాయి పన్నెండణాలు హాలి. ఇరవై నాలుగు దినాలు మోస్తే నలభై రెండు. గింత వరకే వాళ్ళకెరుక.

"సత్తవ్వను పిలువుండ్రే," అన్నరెవ్వలో.

పిలిచే పని లేదు. సత్తవ్వ అప్పటికే వరుస దాటుకొని ముందరికొచ్చింది. నెత్తి మీది సుట్టబట్ట తీసి భుజానికేసుకున్నది. లెక్క అంటె ఆమెకు కడుపు నిండ తిన్నంత సంబురం. ఓనమాలు రావు. అయినా బల్లార్షా అంగడికి పోయినప్పుడల్లా నలుగురు ఆడోళ్ళు ఆమె కొంగు పట్టుకొనే తిరుగుతరు. వార్ధా నది దాటితే అవతలిది వేరే రాజ్యం లెక్క. ధర కల్దార్లల్ల చెప్తరు, వీళ్ళ ముడిల ఉండేది హాలి. దుకాణపాయన నోరు తెరిచి మూసేలోపట సత్తవ్వ ఆరు కల్దార్లకు ఒకటి కలిపి హాలి లెక్క చెప్పేది. అందుకే ఆ మాట యార్డుల అందరి నోట్ల పాటయింది: ఆరుకొకటి, ఆరుకొకటి.

సత్తవ్వ కండ్లు మూసుకున్నది. బొటనవేలు మిగిలిన వేళ్ళ కణుపుల మీద నుంచి జరజర పాకింది. "ఆరేడ్ల నలభై రెండు. ఆరుకొకటి తీస్తె ఏడు పోతయి. ముప్పై అయిదు," అని కండ్లు తెరిచింది. "సరిగనే ఉన్నది. ఒత్తుండ్రి."

అంతే, వరుస కదిలింది. ఒకరి ఎనక ఒకరు సిరాల బొటనవేలు ముంచి కాగితం మీద ఒత్తిన్రు. రేకుల కింద కుర్చీల కూసున్న లింగమూర్తి నోట్ల పాన్ ఇటు నుంచి అటు మార్చి, "సత్తవ్వనే చెప్పినంక ఇంక మా మున్షీ ఎందుకు? రేపటి నుంచి ఆమెనే కూసోపెడుత," అన్నడు. అందరు నవ్విన్రు. సత్తవ్వకు ఆ నవ్వు పొద్దూకేదాక ఒంట్ల వెచ్చగ ఉన్నది.

భూమవ్వ మాత్రం ఆమె ఎంబడే ఇంటికొచ్చి, మొత్తం ముప్పై అయిదు రూపాయలు ఆమె ఒళ్ళె పోసింది. "నాకు ముగ్గురు బిడ్డలు, నీకెరుకేనాయె. బతుకమ్మకు ముగ్గురికీ ఒక్క తీరు చీరలు పెట్టాలె. రంగుల జర తేడా వచ్చినా లొల్లి. పోయిన నెల నువ్వే చెప్పినవు, చీర పద్నాలుగు హాలి, మూడు చీరలకు ఒక నెల జీతం సరిగ్గ సరిపోతదని. ఈ నెల కొడుకు జీతం మీద తింటం. రేపు తేవాలె సత్తీ."

"తెస్త తియ్, భూమక్కా. రేపు మాపటికి నీ ఇంట్ల ఉంటయి," అన్నది సత్తవ్వ.

ఐతారం పొద్దుగాల బండెక్కింది. బల్లార్షాల ఆమె ఎప్పుడు పోయే బట్టల దుకాణం మరాఠీ ఆయనది. తెలుగు, మరాఠీ రెండూ కలిపి మాట్లాడుతడు. సత్తవ్వ ఎర్రంచు పచ్చ చీరలు మూడు ఏరింది, దారం గుంజి చూసింది, అంచు నోట్ల తడిపి రంగు దిగుతదా అని చూసింది.

"ఎంత?"

"పోయిన నెల చెప్పిందే బాయీ. చీరకు బారా, పన్నెండు. మూడింటికి ముప్పై ఆరు."

సత్తవ్వ పాత అలవాటు కొద్ది "పద్నాలుగు" అనబోయి ఆగింది. ఇప్పుడు ముడిల ఉన్నయి కల్దార్లే గదా! మార్చే పనే లేదు. ఇంత సులువా అనుకుంట భూమవ్వ పైసలు విప్పి ఎంచింది. ముప్పై అయిదు. మళ్ళ ఎంచింది. కొంగు దులిపింది. నేల మీద చూసింది.

"ధర పెంచినవా?"

"నేనెందుకు పెంచుత బాయీ? పన్నెండంటె పన్నెండే."

ధర పెరగలే. భూమవ్వ జీతం తగ్గలే. దారిల ఒక్క పైసా జారలే. పోయిన నెల మూడు చీరలొచ్చే జీతానికి ఈ నెల రెండు చీరలు, పదకొండు రూపాయలు వస్తున్నయి. సత్తవ్వకు కోపం రాలే, బయం రాలే, మొదలు వింతనిపించింది. ఇంట్ల ఉన్న వస్తువు కండ్ల ముందరనే మాయమైతె ఎట్లుంటది, గట్ల. ఆ రూపాయి ఎక్కడో ఉన్నది. ఎవ్వల దగ్గర్నో ఉన్నది. ఏడికి పోయింది?

తన ముడిల నుంచి ఒక రూపాయి తీసి కలిపి, మూడు చీరలు కట్టించుకున్నది. సరిహద్దు నాకాల జవాన్లు పన్ను అడుగుతరని ఒక చీర కట్టుచీర మీద చుట్టుకున్నది, రెండు సంచిల అడుగున పెట్టింది. అన్నీ చేతులే చేస్తున్నయి, మతి మాత్రం రూపాయి ఎనకనే తిరుగుతున్నది.

వాపసు బండిల జాగ దొరికింది. సత్తవ్వ బొడ్డుల ఎప్పుడూ ఒక తిత్తి ఉంటది. ఆకు వక్కల పక్కన గుప్పెడు చింతగింజలు. నోటి లెక్క మీద అనుమానం వచ్చినప్పుడు అవి బయటికొస్తయి. ఒళ్ళె సుట్టబట్ట పరిచి నలభై రెండు గింజలు పోసింది. ఇవి హాలి అనుకున్నది.

మొదలు తన లెక్కనే చేసి చూసింది. ఆరారు గింజలు కుప్ప పెట్టింది. ఏడు కుప్పలయినయి. ఒక్కో కుప్పల నుంచి ఒకటి తీసింది. ఏడు పోయినయి, ముప్పై అయిదు మిగిలినయి. శనారం చెప్పింది ఇదే. తప్పేమున్నది?

పక్కన కూసున్న ముసలాయన, "ఏం ఆట అమ్మా గిది?" అని అడిగిండు.

"రూపాయిని దేవులాడే ఆట తాతా."

కుప్పల దిక్కు చూసుకుంట కూసున్నది. ఒక కుప్పల ఆరు గింజలుండె, ఒకటి తీస్తె అయిదు మిగిలినయి. అంటే ఆరు హాలికి అయిదు కల్దార్లు. సత్తవ్వ వేలు ఆ కుప్ప మీదనే ఆగిపోయింది. ఆరు హాలికి అయిదు కల్దార్లని ఎవ్వలు చెప్పిన్రు? ఏ దుకాణంల, ఏ సేటు ఇచ్చిండు అట్ల? ఎన్నేండ్ల నుంచి నడుస్తున్నది ఒక్కటే: ఆరు కల్దార్లకు ఏడు హాలి.

గింజలన్నీ కలిపేసింది. ఈసారి ఏడేడు కుప్ప పెట్టింది. ఆరు కుప్పలయినయి. ఒక్కో కుప్పల నుంచి ఒకటి తీసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తీసినయి ఆరే. మిగిలినయి ముప్పై ఆరు.

మూడు చీరల ధర.

"దొరికిందా?" అన్నడు తాత.

"దొరికింది," అన్నది సత్తవ్వ. చెప్పినంక ఆమె ముఖం మాడింది. ఇన్నేండ్లు ఆమె చేసింది ఒక్క దిక్కు లెక్కనే. అవతలి ఒడ్డుల ధర కల్దార్లల్ల ఉంటది, దాన్ని హాలి చెయ్యాలె. ఆరుకొకటి కలపాలె. అది సరైన లెక్కనే. హాలిని కల్దారు చేసే పని ఆమెకు ఎన్నడు పడలే. ఎందుకు పడతది? కల్దార్ల ధరకు హాలి ఇచ్చుడే గని కల్దార్లు వాళ్ళ చేతికి ఎన్నడన్న ఎవ్వలన్న ఇచ్చిన్రా? శనారం మొదటిసారి ఇచ్చిన్రు. కలిపే కాడ ఆరుకొకటి అయితె తీసే కాడ కూడ ఆరుకొకటే అనుకున్నది. తీసే కాడ ఏడుకొకటి. పదిమందిల కండ్లు మూసి, కణుపులు ఎంచి, ఒత్తుండ్రి అని చెప్పింది. నలభై మంది ఒత్తిన్రు. సిగ్గుతోని ఆమె చెవులు కాలినయి.

భూమవ్వ చీరలు చూసి మురిసింది. ముగ్గురు బిడ్డల పేర్లు చెప్పుకుంట మూడింటిని మూడు దిక్కుల పెట్టి చూసి, "సరిపోయినయా పైసలు?" అన్నది.

"సరిపోయినయి," అన్నది సత్తవ్వ.

ఇంట్ల మొగడు పోశం బొగ్గు బాయి పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండు. ఆయనకు అంతా చెప్పింది. ఆయన సల్లగ ఇన్నడు.

"నీ రూపాయి నువ్వేసినవు. భూమక్కకు చీరలు ముట్టినయి. ఇంక ఎవ్వలకెరుక? ఊకో."

"నలభై మందియి పోయినయి గదా!"

"వచ్చే నెల సాటుగ మున్షీకి చెప్పు, సక్కగ కడతడు. పోయిందేదో ఒక్క రూపాయి. దానికోసం పదిమందిల నీ ముక్కు నువ్వే కోసుకుంటవా?"

ఆయన చెప్పింది తప్పని అనిపియ్యలే, అదే ఆమెకు పరేషాన్. ఒక్క రూపాయి అంటె ఒక పూట పని కన్న జర ఎక్కువ. దానికి పదేండ్ల పేరు పోతది. అన్నం కలుపుకుంట కూడ ఆమె బొటనవేలు కణుపుల మీద తిరుగుతనే ఉన్నది. నలభై మంది. నలభై రూపాయలు. ఆ నలభై ఎవ్వల దగ్గరున్నయి?

సోమారం అందరికన్న ముందర యార్డుకు పోయింది. మున్షీ గదిల ఆశీర్వాదం ఒక్కడే ఉన్నడు. మిషన్ బడిల చదివిన పిలగాడు, ఇంక మీసాలు సరిగ రాలే. సత్తవ్వ గడప మీదనే నిలబడి అడిగింది.

"మా రూపాయి ఏది మున్షీ?"

"ఏ రూపాయి?" అని ఆయన అడగలే. చేతుల పెన్సిలు బల్ల మీద పెట్టిండు. అప్పుడే సత్తవ్వకు సమజయింది.

"నీకెరుకనేనా?"

"శనారం అందరికీ ఇచ్చినంక సంచిల నలభై మిగిలినయి అక్కా. మూడుసార్లు ఎంచిన. పోయి లింగమూర్తి పటేలుకు చెప్పిన. 'వాళ్ళ సత్తవ్వనే సరే అన్నది, వేలిముద్రలు పడ్డయి, నడుమ నీకేంది' అన్నడు."

"నువ్వు ఎందుకు తప్పు కట్టినవు? చదువుకున్నోనివి! కండ్లు మూసుకొని కట్టినవా?"

ఆశీర్వాదం సొరుగుల నుంచి ఒక కాగితం తీసిండు. "దీంట్ల సాఫుగ రాసున్నది. ఏడు హాలికి ఆరు కల్దార్లు. చదివిన. గని లెక్క కట్టబోతె నా చెవుల నీ మాటనే మోగింది. పోయిన నెల బండిల నువ్వు ఆడోళ్ళకు చెప్పంగ నేను పక్క డబ్బాల నుంచి ఇన్న. ఆరుకొకటి, ఆరుకొకటి. సులువున్నదని అదే పట్టుకున్న. ఆరుకొకటి తీసేసిన. శనారం నువ్వు కూడ సరే అంటివి, ఇంక నాకు అనుమానమే రాలే."

దొంగను పట్టుదామని వచ్చింది సత్తవ్వ. దారి పొడుగుత ఏమని తిట్టాల్నో మాటలు పేర్చుకొని వచ్చింది. ఇప్పుడా మాటలు ఎవ్వలనాలె?

"నలభై రూపాయలు వాపసు రావాలంటె ఎట్ల?" అన్నది.

"పటేలును దొంగ అంటె ఒక్క పైసా ఇయ్యడు. అక్కా, మాట పడనియ్యడు ఆయన. తప్పు లెక్క చెప్పినోళ్ళే తప్పని పదిమందిల ఒప్పుకుంటె, ఆయనకు ఇయ్యనీకె ఒక దారి దొరుకుతది." ఆశీర్వాదం కాగితం మడత పెట్టి జేబుల పెట్టుకున్నడు. "నేను కాగితం చదువుత. నౌకరి పోతె పోనీ."

"ఆయన తప్పు కూడ నేనే మొయ్యాల్నన్నట్టు!"

ఆశీర్వాదం బల్ల మీది పెన్సిలు తీసి చెక్కబట్టిండు. అవునంటె ఆమెకు కోపమొస్తది, కాదంటె అబద్దమైతది.

పొద్దుగాల నుంచి తట్ట మోసింది సత్తవ్వ. వ్యాగన్ ఎక్కింది, దిగింది, మళ్ళ ఎక్కింది. పగటి అన్నాల యాళ్ళకు అందరు రేకుల కింద సద్దులు విప్పిన్రు. లింగమూర్తి వ్యాగన్లు చూసుకుంట అటే వచ్చిండు. సత్తవ్వ తన సద్ది విప్పలే. నడుమ ఉన్న రాతి మీద సుట్టబట్ట పరిచి గింజలు పోసింది.

"అందరు ఇటు చూడుండ్రి. శనారం నేను చెప్పింది తప్పు లెక్క."

నములుతున్న నోళ్ళు ఆగినయి. సత్తవ్వ మొదలు ఆరారు పేర్చి చూపెట్టింది, తర్వాత ఏడేడు పేర్చి చూపెట్టింది. ఒక్క గింజ జారలే. "నలభై రెండు హాలికి ముప్పై ఆరు కల్దార్లు రావాలె. మనకొచ్చినయి ముప్పై అయిదు. మనిషికొక రూపాయి తక్కువొచ్చింది. నేను సరే అన్న కాబట్టే మీరు ఒత్తిన్రు."

ఆడోళ్ళ ఎనక కూసున్న ఆశీర్వాదం లేచి కాగితం చదివిండు. గొంతు కీచుమన్నది గని చివరి దాక చదివిండు. లింగమూర్తి ఆయన దిక్కు కొరకొర చూసి, సత్తవ్వ దిక్కు తిరిగిండు.

"అంటే నా తప్పేం లేదంటవు?"

సత్తవ్వ ఆయన కండ్లలకు చూసింది. ఆయనకు శనారం నుంచి తెలుసని ఆమెకెరుకే. నాలుక చివరి దాక వచ్చింది మాట. మింగింది.

"లేదు పటేలా. తప్పు నాదే."

"మరి గట్ల చెప్పు! నేను ఒకల సొమ్ము తినేటోన్ని కాదు. బేస్తారం ఇప్పిస్త, మనిషికో రూపాయి," అని చెప్పులు టపటపలాడించుకుంట పోయిండు. ఎనక ఎవ్వలో కావాల్నని దగ్గిన్రు.

ఆయన పోయినంక ఆడోళ్ళు సత్తవ్వను సంబురంగ పట్టుకుంటరనుకున్నరా? ఎక్కడిది! పడుసుపిల్ల సరోజన ముందరికొచ్చి, "నీ నోటి మాట మీద వేలు ఒత్తితిమి సత్తక్కా. పోయినేడు బల్లార్షాల నేను చెవి కమ్మలు కొన్నప్పుడు కూడ గిట్లనే చెప్పినవా ఏంది?" అన్నది.

"అది సరైన లెక్కనే బిడ్డా. కొనే కాడ ఆరుకొకటి కలపాలె…"

సరోజన ఇనలే, తట్ట ఎత్తుకొని పోయింది. ఒక్కొక్కరు లేచిన్రు. భూమవ్వ ఒక్కతే రాతి కాడ కూసొని గింజల దిక్కు చూస్తున్నది. ఒక కుప్ప కలిపింది, మళ్ళ పేర్చింది. "ఏడు పెట్టాలె. ఒకటి తియ్యాలె. గింతేనా?" అన్నది. సత్తవ్వ తలూపింది. భూమవ్వ మళ్ళ మొదటి నుంచి పేర్చింది.

ఆ రెండు మూడు దినాలు సత్తవ్వ ఇంటికి లెక్క అడుగనీకె ఒక్కరు రాలే. మాపటికి వాకిట్ల నిలబడితె ఇండ్ల ముందర ఆడోళ్ళు కూసొని గింజలు పేర్చుకునుడు కనవడ్డది. ఒకామె ఏడు పెడతది, ఇంకొకామె "ఏయ్, ఎనిమిది పెట్టినవు" అంటది, నవ్వుతరు. పిల్లలాడుకునే గింజలు కూడ గుంజుకున్నరు. సత్తవ్వకు నవ్వొచ్చింది, నొప్పి కూడ అయింది. పోయి పక్కన కూసుందామనుకున్నది, కాళ్ళు రాలే.

బేస్తారం మాపటికి బల్ల పడ్డది. ఆశీర్వాదం నౌకరి పోలే, గని లింగమూర్తి ఆయనతోని మాట్లాడుతలేడు. ఒక్కొక్కరు పోయి రూపాయి తీసుకున్నరు. ఈసారి వేలు ఒత్తే ముందర ప్రతొక్కరు కాగితం చూపెట్టి, "ఏం రాసినవు? చదువు," అని అడిగి, ఇన్నంకనే ఒత్తిన్రు. సత్తవ్వ వరుసల చివరికి నిలబడి, తన వంతు రాంగనే తీసుకొని బయటికొచ్చింది.

గేటు కాడ భూమవ్వ ఆగి ఉన్నది. కొంగు చివర ఒక ముడి, దాంట్ల గింజలు గలగలమంటున్నయి. "కూసో," అన్నది. సత్తవ్వ కూసున్నది.

భూమవ్వ మట్టి నేల మీద గింజలు పోసింది. ఎప్పుడు ఒకటి రెండు ఎంచనీకె కూడ సత్తవ్వను పిలిచే మనిషి, కండ్లు దగ్గరికి పెట్టి, పెదవులు కదుపుకుంట పేర్చింది. "చీర పద్నాలుగు హాలి అన్నవు. అంటే రెండు ఏడులు. ఒక్కో దాంట్ల నుంచి ఒకటి తీస్తె పన్నెండు కల్దార్లు. ఆగు, నడుమ చెప్పకు. మూడు చీరలు. పన్నెండు, పన్నెండు, పన్నెండు." వేలు పెట్టి ఒక్కొక్క గింజ ఎంచింది. ముప్పై అయిదు కాడ ఆగింది. చివరి గింజను పక్కకు జరిపింది.

"నేనిచ్చింది గీడి దాక. గీ ఒక్కటి ఎవ్వలిది?"

సత్తవ్వ ఆ గింజను మళ్ళ కుప్పలకు జరపబోయింది.

"సరిపోయినయి అన్నవు. అబద్దం చెప్పినవు నాకు." ఇప్పుడే తీసుకున్న రూపాయిని భూమవ్వ ఆ గింజ పక్కన పెట్టింది. "ఇగో నీది. తీసుకో."

"ఉండనీ అక్కా. బిడ్డలకు నేను పెట్టినననుకో."

"నువ్వు పెట్టాలనుకుంటె వేరే పెట్టు. ఇది లెక్క." భూమవ్వ ముఖం చిన్నపిల్ల లెక్క వెలుగుతున్నది. చెయ్యి ఇంక గింజల మీదనే ఉన్నది. "సరిగనే ఎంచిన గదా? చెప్పు సత్తీ, సరేనా?"

సత్తవ్వ అలవాటు కొద్ది కండ్లు మూసుకున్నది. బొటనవేలు మొదటి కణుపు మీదికి పోయింది. అంతల్నే కండ్లు తెరిచి, "నువ్వు ఎంచినవు గదా, ఇంక నన్నెందుకు అడుగుతవు," అని రూపాయి తీసుకొని కొంగుల ముడేసుకున్నది.